పాలలెక్క పక్కన ఎర్రగీతలు

ఇదిగోండి వదినగారూ, మీ గిన్నె. గోడమీద పెడుతున్నా, అందుకోండి. అలా చూస్తారేం, తళతళలాడిపోతోందనా? తోమింది నేనూ కాదు, పనమ్మాయీ కాదు. మా చిన్నాడు! అక్క పెళ్ళికని అమెరికా నుంచి దిగినవాడు, మీ ఉలవచారు అడుగుదాకా ఊడ్చుకు తిని, తనే తోమి బోర్లించాడు.

ఇక్కడున్నప్పుడో? తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. అక్కడ యూనివర్సిటీ క్యాంటీన్లో గిన్నెలు కడిగాట్టండీ. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే చెయ్యనిస్తారట, అదీ క్యాంపస్ లోపలే. రెండేళ్ళూ ఫోన్లో ‘లైబ్రరీలో ఉన్నానమ్మా’ అనేవాడు. మొన్న నోరుజారాడు. నాకు ఏడుపు ఆగలేదు. మీ అన్నయ్యగారేమో, ‘మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టన్ వెళ్ళి, ఆసుపత్రిలో రాత్రిళ్ళు రోగుల మలమూత్రాలు ఎత్తి చదువుకున్నారు. నీ కొడుకు కడిగింది అన్నం గిన్నెలేగా’ అన్నారు. ఆయన ఓదార్పు అలా ఉంటుంది!

పనమ్మాయిని ‘మీరు’ అంటున్నాడు. ఆ పిల్ల బెదిరిపోయి, ‘బాబుగారికి నామీద కోపమొచ్చిందా అమ్మా?’ అనడిగింది. నేను కాఫీ ఇచ్చినా థాంక్సట. కన్నతల్లికి థాంక్సేంటండీ, నేనేమైనా హోటలు పెట్టానా?

చదువు సంగతా? ఇంటర్లో రెండేళ్ళు పొద్దున అయిదు నుంచి రాత్రి పదిదాకా కూర్చోబెట్టి రుద్దారు కదా, ఒక్కరోజు కూడా ‘నీకేమనిపిస్తోందిరా?’ అన్నవాళ్ళు లేరట. అక్కడ మొదటి నెలలో ఏదో సందేహం అడిగితే, ప్రొఫెసరు ‘నాకూ తెలీదు, ఇద్దరం కలిసి చూద్దాం’ అన్నాట్ట. మావాడు హడలిపోయాడు. మాస్టారికి తెలీకపోవడమేంటి? ఇప్పుడు ఆఫీసులో వీడూ అంతే. తెలియంది తెలీదనేస్తాడు, రేపు చూసి చెప్తానంటాడు, చెప్తాడట. అందుకే వాళ్ళకి వీడంటే గురి. ఈ ఇంట్లో మగాడి నోట ‘తెలీదు’ అన్న మాట నేను వినడం ఇదే మొదలు, నిజం చెప్పాలంటే.

పెళ్ళిపందిట్లో మాత్రం ఆ మాట చెల్లలేదు. మా పెద్దన్నయ్య ‘ఏరా, గ్రీన్‌కార్డెప్పుడు?’ అంటే ‘తెలీదు మావయ్యా’ అన్నాడు. వచ్చిన సంబంధం కాస్తా వక్కపలుకు నములుతూ లేచి వెళ్ళిపోయింది.

వాడు మాత్రం ఏం చెప్తాడండీ? వీసాకి ముందు చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు వాడు చేశాడు. వచ్చాక 108 తిరిగింది నేను, వాడు విమానం ఎక్కేశాడుగా. ఆ మోకాళ్ళ నొప్పి ఇంకా ఉంది. చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకోడానికి ఓపీటీ అని 12 నెలలట, వీడిది కంప్యూటర్ల చదువు కాబట్టి ఇంకో 24. ఈలోగా హెచ్‌వన్‌బీ వీసా లాటరీ తగలాలి. ఏడాదికి 65 వేల వీసాలు, అక్కడ మాస్టర్సు చేసినవాళ్ళకి ఇంకో 20 వేలు. ఈ మార్చిలో వీడికి తగల్లేదు.

అన్నిటికంటే ఆ 90 రోజులండీ! ఆ మొదటి ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకి మించి ఉండకూడదట. ఎకరం తాకట్టు పెట్టి పంపినవాళ్ళం, మాకు నిద్రెలా పడుతుంది? పోయినేడు మీ అన్నయ్యగారు క్యాలెండర్లో పాలలెక్క పక్కనే వీడి ఖాళీరోజులు రాసేవారు. పాలకి నీలం ఇంకు, వీడికి ఎర్రగీత. 71 దగ్గర ఉద్యోగమొచ్చింది. కొత్త క్యాలెండరొచ్చినా పాతది తియ్యనివ్వరు, ఒకే మేకుకి రెండూ వేలాడుతున్నాయి.

నిన్న వాడు దాన్ని తిరగేస్తూ ‘ఇవేం గీతలమ్మా?’ అన్నాడు.

పాలవాడి బాకీరా, అన్నాను.