ఓ పనీ, రేపు రా

ఇంజినీరింగ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి డైనోసార్ల అట్టతో ఉండే టెక్స్ట్‌బుక్ గుర్తుండే ఉంటుంది. సిల్బర్‌షాట్జ్, గాల్విన్‌లది. అందులో ఒక పుకారు చెప్తారు. 1973లో ఎం.ఐ.టి.లో ఐ.బి.ఎం. 7094ని మూసేస్తూ చూస్తే, 1967లో ఎవరో ఇచ్చిన ప్రోగ్రాం ఒకటి ఇంకా వరుసలోనే ఉందట. దాని ప్రయారిటీ తక్కువ, అంతే. అంతకన్నా ముఖ్యమైనవి వస్తూనే ఉన్నాయి, అది ఆగుతూనే ఉంది. పుకారే కావచ్చు గానీ, ఆ సబ్జెక్టులో నాకు మిగిలింది ఇదొక్కటే. ఇలా ఎదురుచూస్తూ ఉండిపోవడానికి పుస్తకం పెట్టిన పేరు స్టార్వేషన్. మన మాటలో పస్తు.

పనుల్ని సర్దుకోవడం మీద వచ్చే సలహాలన్నీ తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తాయి: ముఖ్యమైనది ముందు చెయ్యి. ఐసెన్‌హోవర్ పేరుతో చెలామణీ అయ్యే నాలుగు గళ్ళ బొమ్మ చెప్పేదీ దాదాపు అదే. మంచి సలహానే, సాయంత్రానికి లిస్టు ఖాళీ అయ్యేవాళ్ళకి. నాకు తెలిసి అలాంటివాళ్ళెవరూ లేరు. మా ఆఫీసులో పనులకి పీ-జీరో నుంచి పీ-త్రీ దాకా నంబర్లు ఉంటాయి. పీ-త్రీ అంటే, చెయ్యం అని మర్యాదగా చెప్పడం.

చిన్నప్పుడు మా ఊళ్ళో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్ళు. దయ్యం రోజూ వచ్చి, చదువుకుని, బుద్ధిగా వెళ్ళిపోవాలి. పీ-త్రీ పనులూ అంతే. పాపం, గొడవ చెయ్యవు.

నా లిస్టులో అలా తిరిగి వెళ్ళిపోతున్న పని ఒకటుంది: ‘అమ్మమ్మ పాటలు రికార్డు చెయ్యాలి’. దంపుళ్ళ పాటలు. ఆవిడకి 86 ఏళ్ళు. దానికి డెడ్‌లైన్ లేదు, అంటే ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. పొద్దున ఏం తిన్నదీ మధ్యాహ్నానికి మర్చిపోతున్నారు. ఏ సోమవారం చూసినా రిలీజో, కరెంటు బిల్లో దీనికన్నా ముందే ఉంటుంది, అదీ న్యాయంగానే. లిస్టు తప్పు చెప్పడం లేదు. సరిగ్గా చెప్తూనే పస్తు పెడుతోంది.

పుస్తకంలో దీనికి మందు కూడా ఉంది, పేరు ఏజింగ్. ఎదురుచూసే కొద్దీ పని ప్రయారిటీ దానంతటదే పెరగాలి. నేను చదివిన ఎడిషన్‌లో లెక్క ఇది: అట్టడుగున 127లో ఉన్న పని, పావుగంటకో మెట్టు చొప్పున, 32 గంటల్లోపు సున్నాకి, అంటే అన్నిటికన్నా పైకి, చేరుతుంది. వయసు పెరిగితే విలువ పెరగడం కంప్యూటర్లలోనైనా ఉందన్నమాట.

నేను చేసేది దీనికి నాటు రూపం. శుక్రవారం రాత్రి నోటుబుక్కులో, చెయ్యని ప్రతి పని పక్కనా ఒక చుక్క పెడతాను. నాలుగు చుక్కలు పడితే, శనివారం పొద్దున మొదటి పని అదే. ముఖ్యమా కాదా అన్న వాదన ఉండదు. తమాషా ఏంటంటే, ఇలా పైకొచ్చినవాటిలో సగం చెయ్యకుండానే కొట్టేశాను. పాత ట్యాబ్లెట్ బాగు చేయించడం, ఎవరో మెచ్చుకున్న ఆన్‌లైన్ కోర్సు పూర్తి చెయ్యడం లాంటివి. ఎదురుగా నిలబెట్టి అడిగితే నిజంగా అక్కర్లేదని తేలిపోతుంది. అడుగున ఉన్నంతకాలం ఆ ప్రశ్నే రాదు.

పాటల పక్కన నాలుగో చుక్క పోయిన నెల పడింది. శనివారం మొదటి బస్సుకే వెళ్ళాను. “ఇప్పుడవెందుకురా, రోకలే లేదు కదా” అంది అమ్మమ్మ. అని, మంచం పట్టె మీద చేత్తో దెబ్బ వేసుకుంటూ మొదలుపెట్టింది. మూడు పాటలు పూర్తిగా వచ్చాయి. నాలుగోది రెండు చరణాల దగ్గర ఆగిపోయింది. చెయ్యి మాత్రం ఇంకాసేపు దెబ్బ వేస్తూనే ఉంది.

మొత్తం 14 నిమిషాల ఆడియో. నాలుగో పాటలో మిగిలింది వాళ్ళ చెల్లెలికి గుర్తుండొచ్చట, ఆవిడ విజయవాడలో ఉంటారు. దాన్ని కొత్త పనిగా రాసుకున్నాను, మూడు చుక్కలు ముందే పెట్టి.