గుండీల యుద్ధం

మా హాస్టల్లో పేకాట నిషిద్ధం. యుద్ధం నిషిద్ధమని మాత్రం ఏ నోటీసులోనూ లేదు. అంచేత 1983లో, ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో, నేనూ నా రూమ్మేటూ మెస్సు బల్ల మీద డ్రాయింగు షీటు పరిచి దక్షిణ ఇంగ్లండు గీశాం. చొక్కా గుండీలే విమానాలు. నల్లవి జర్మనీవి, తెల్లవి బ్రిటన్‌వి. రెండు పాచికలు. 1940 నాటి ఆకాశయుద్ధాన్ని ప్రతి ఆదివారం మళ్లీ నడిపేవాళ్లం. నవ్వకండి. ప్రష్యా సైన్యం 1824లోనే ఇలాంటి ఆటతో తన ఆఫీసర్లకి యుద్ధం నేర్పింది.

నల్ల గుండీలు నావి. వరసగా ఐదు ఆదివారాలు ఓడిపోయాను. లండన్ మీద బాంబు పడితే పది పాయింట్లని మేమే రాసుకున్నాం. పెద్ద ఊరు కదా అని నేను ప్రతిసారీ అటే పోయేవాణ్ణి. వాడు దారి కాచి కూర్చునేవాడు.

ఉక్రోషంతో లైబ్రరీలో పడ్డాను. యుద్ధంలో గురి ఎంచేవాడు పరిమాణం చూడడట, ఆయువుపట్టు చూస్తాడట. బ్రిటన్ ఆయువుపట్టు తీరం వెంట ఉన్న రాడార్ స్తంభాలు, వాటి కబురు టెలిఫోన్ల మీద అందుకుని విమానాలని నడిపే సెక్టారు ఆపరేషన్సు గదులు. ఆగస్టు 12న జర్మన్లు వెంట్నార్ రాడార్ని కొట్టి కొన్నాళ్లు మూయించారు కూడా. మూడు రోజులకే గోరింగ్ ఆ దాడుల వల్ల ప్రయోజనం అనుమానమే అనేశాడు. ఇనప కమ్మీల స్తంభం పేలుడికి ఓ పట్టాన కూలదు మరి! ఆ గదుల విలువైతే వాళ్లకి సరిగ్గా తెలియనే తెలియదు. సెప్టెంబరు 7న లండన్ మీదికి మళ్లారు. అచ్చం నాలాగే.

పాయింట్లు తిరగరాయించాను. రాడార్ పోతే తెల్ల గుండీలు ఒక వంతు కదలకూడదు. సెక్టారు గది పోతే దాని కిందివి రెండు వంతులు కదలకూడదు. లండన్‌కి సున్నా. రూమ్మేటు గొణిగి ఒప్పుకున్నాడు. ఆరో ఆదివారం బిగ్గిన్ హిల్ గదిని కొట్టి గెలిచాను.

దసరా సెలవులకి ఇంటికెళ్లి ఈ ఘనకార్యం అక్కకి చెప్పాను. అక్క అప్పట్లో మా ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. అన్నం వడ్డిస్తూ అంతా వింది.

"ఆ గదిలో ఎవరుంటార్రా?"

"టెలిఫోన్ల దగ్గర ఆడపిల్లలు" అన్నాను. ఆగస్టు 30న బిగ్గిన్ హిల్‌లో 39 మంది పోయారనీ, సెప్టెంబరు 1న బాంబులు పడుతున్నా టెలిఫోన్లు వదలని హెలెన్ టర్నర్, ఎల్స్‌పెత్ హెండర్సన్‌లకి మిలిటరీ మెడల్ ఇచ్చారనీ ఉత్సాహంగా చెప్పుకుపోయాను.

"వాళ్లని కొడితే నీకెన్ని పాయింట్లు?"

"పాయింట్లు కాదే, రెండు వంతులు..."

"సరేలే, మజ్జిగ పోసుకో. నాకు డ్యూటీకి టైమైంది" అని లేచింది.

సెలవులయ్యాక ఆట మానేశానని రాస్తే బాగుండును గానీ, మానలేదు. నిజంగానే మంచి ఆట అది. కాకపోతే షీటు మీద బిగ్గిన్ హిల్ పక్కన పెన్సిలుతో ఆ ఇద్దరి పేర్లూ రాశాను. రూమ్మేటు వంగి చూసి, "ఇవేమిట్రా, వీటికెన్ని పాయింట్లు?" అన్నాడు.

"ఏమీ లేవు. ఉండనీ" అన్నాను. పాచికలు వాడి చేతిలో ఉన్నాయి.