వ్రాతకు రెండు తేదీలు

పదిమంది కలసి నడుపుకొను ఏ పత్రికయందైనను, ఏ సమాజపు పలకమీదనైనను, ఒకరి వ్రాత లోకమునకు కనబడుటకు ముందు పెద్దలెవరో దానిని చదివి సరియనుట మంచి యాచారము. దీనిని మేము కాదనము. జల్లింపని పిండిలో రాళ్లుండును. ప్రాణముమీదికి తెచ్చు నాటువైద్యపు చిట్కాలును, పొరుగింటి కోడలిపై నిందలును, అప్పులవారి ప్రకటనలును వ్యాసముల వేషమున వచ్చుట మేమెఱిగినదే. కాని జల్లించుట యొకటి, జల్లెడలోనే నిలిపివేయుట యొకటి. ఈ రెంటి నడుమనున్న భేదమును గూర్చి సోదరీమణులతో కొంత ముచ్చటింప దలచితిమి.

మేముండునది హైదరాబాదునందలి బాలానగరు. ఇనుము కోయు చప్పుడుతో తెల్లవాఱు పేట యిది. లేతు షెడ్లలో పనిచేయువారును, మెట్రోబండి నెక్కి కంప్యూటరు కొలువులకు పోయివచ్చువారును, మా యింటివారివంటి బడిపంతుళ్లును ఒకే సందున కాపురముండుట ఇచ్చటి విశేషము. మా వీధి స్త్రీలు ఒక చదువుల గదిని ఏర్పఱచుకొని, దాని గోడకు అద్దాల పలకను తగిలించి, అందు తమ వ్రాతలను ఉంచుచుందురు. పలకపై పది కాగితములు మాత్రమే పట్టును. క్రొత్తది పైన, పాతది క్రింద. పదునొకండవది వచ్చినచో అడుగుననున్నది తీసి దస్త్రములో కట్టుదురు. చిరకాలముగా వ్రాయుచున్నవారి కాగితములు వెంటనే పలక కెక్కును. క్రొత్తవారివి మాత్రము ఇద్దఱు పెద్దలు చదివి అనుమతించువఱకు నిలుచును. చూచుటకు ఏర్పాటు ముచ్చటగానే యున్నది. చిక్కంతయు ఒక చిన్న నియమమున దాగియుండెను. కాగితమునకు వరుసలో చోటిచ్చుట అనుమతించిన దినమునుబట్టి కాదు, తెచ్చి యిచ్చిన దినమునుబట్టి.

లేతు పనివాని యిల్లాలొకతె, పదవ తరగతితో చదువు నిలిచినది, జీవితమున తొలిసారిగా ఒక వ్యాసము వ్రాసినది. గురుకుల పాఠశాలలలో అయిదవ తరగతి ప్రవేశపరీక్షకు ఆడుపిల్లలను పంపుట యెట్లు, ఆదాయపు పత్రమును కులపత్రమును మీసేవలో ముందుగా తీసికొనుట యెట్లు, దరఖాస్తునకు గడువెప్పుడు అని, తన పెద్దకూతురి విషయమున తాను పడిన పాట్లను జోడించి, రెండు పుటలలో చక్కగా తెలిపినది. పెద్దలలో ఒకరు పెండ్లికి పోయియుండిరి, మఱియొకరికి జ్వరము. పండ్రెండు దినములు గడచినవి. పిదప వారు చదివి, మెచ్చి, అనుమతించిరి. ఈలోపల తెలిసినవారి కాగితములు తొమ్మిది పలక కెక్కియుండుటచే, తేదీ ప్రకారము ఈమె వ్యాసమునకు అట్టడుగున చోటు దొరకినది. మఱునాటి యుదయము సొరకాయ హల్వా విధానమొకటి పైకెక్కగా, వ్యాసము దస్త్రములోనికి దిగినది. అది కనబడినది ఒక్క సాయంకాలము. ఆమె మాకడకు వచ్చి, "అక్కా, నా కాగితం ఎక్కించిండ్రంట గద, యాడున్నదో కానొస్తలేదు" అని యడిగినప్పుడు మాకు మాట రాలేదు. మా సందులోనే ఇద్దఱు బాలికల తల్లులు గడువు దాటిన తరువాత ఆ సంగతి తెలిసికొనిరి. ఆ పిల్లలకు ఆ యేటి యవకాశము పోయినది.

పెద్దల నడుగగా, "మేము కాదనలేదు గదా, అనుమతించితిమి గదా" యనిరి. నిజమే. భారతమున ద్రౌపది సభలో ప్రశ్న వేసినప్పుడును అది తప్పు ప్రశ్నయని పెద్ద లెవ్వరును అనలేదు. సమాధానము మాత్రము ఆ వేళకు రాలేదు. సభలో అడిగినవారికి ధర్మము తెలిసియు పలుకనివారు పాపములో పాలు పంచుకొందురని విదురుడు హెచ్చరింపవలసి వచ్చెను, చిన్నవాడైన వికర్ణుడు లేచి మాటాడవలసి వచ్చెను. వేళ దాటిన యనుమతి నిరాకరణమునకు మర్యాదగల పేరు.

ఈ యన్యాయము నేటిది కాదు. తొలి తెలుగు కథ యనగానే 1910లో ఆంధ్రభారతిలో వెలువడిన గురజాడ అప్పారావుగారి దిద్దుబాటును చెప్పుట చిరకాలము వాడుకగా నుండెను. దానికి ఎనిమిదేండ్ల ముందే, 1902లో, భండారు అచ్చమాంబగారు ధనత్రయోదశి యను కథను హిందూసుందరిలో ప్రకటించిరి. బడి మెట్లెక్కక, తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి చెంత ఇంటనే చదువుకొన్న ఆ తల్లి 1905లోనే గతించిరి. కథ వెలుగు చూచియు పండితుల కంట బడక దశాబ్దములు నిద్రించెను. కడకు ఆమె పక్షమున సాక్ష్యము పలికిన దేది? పత్రికమీద అచ్చైన తేదీ. ఆ యంకెలు లేకున్నచో నేటి విమర్శకులు ఆమెకు ఇచ్చుచున్న పీటను ఏ యాధారముతో ఇచ్చియుందురు?

మా నగరమునందే మఱియొక దృష్టాంతము కలదు. నైజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరను మాట యొకటి పుట్టగా, గోలకొండ పత్రికా సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగక, ఊరూరి కవులనుండి పద్యములు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అందు 354 మంది కవులు కనబడిరి! ఆ కవులు రాత్రికి రాత్రి పుట్టినవారు కారు. ఉన్నవారే, కనబడనివారు. కనబడనిదానిని లేనిదానిగా నెంచుట లోకస్వభావము గనుకనే, ఒకరి వ్రాత నెచ్చట, ఎంతకాలము నిలుపుదుమను విషయము అల్పమైనది కాదు.

ఈ రెండు కథలను కలిపి చూచిన, తేదీకి రెండు పనులున్నవని తేలుచున్నది. వ్రాసియిచ్చిన తేదీ వ్రాసినవారి సొత్తు. ఎవరు ముందు తలచిరో అది తెలుపును. వెలువడిన తేదీ చదువరుల సొత్తు. తమకు క్రొత్తగా వచ్చిన దేదియో అది తెలుపును. ఒకదాని పనిని మఱియొకదానిచే చేయించుటవలననే తగవులన్నియు పుట్టుచున్నవి. ఇంగ్లండులో 1665లో ఓల్డెన్‌బర్గు అను నాయన రాయల్ సొసైటీ కార్యదర్శిగానుండి శాస్త్రపత్రిక నారంభించినప్పుడే, వచ్చిన లేఖలకు తేదీ వేసి భద్రపఱచుటను నియమముగా పెట్టుకొనెను. నేటికిని అనేక శాస్త్రపత్రికలు వ్యాసము అందిన దినమును, అంగీకరించిన దినమును వేఱువేఱుగా అచ్చువేయుచున్నవి.

అంత దూరము పోనక్కఱలేదు. ఆ యిల్లాలి పెనిమిటి ఈ గొడవ విని, "మా షెడ్డుల పని వచ్చిన తేదీ ఒకటి, తనిఖీ అయిన తేదీ ఒకటి, రెండూ చీటీ మీద రాస్తం గదమ్మా" యనెను. పండితులు పుస్తకములలో వెదకునది ఆ శ్రామికుని చేతిలోని చీటీమీద నుండెను.

దీనినిబట్టి మేము పెద్దలకు నాలుగు మాటలు విన్నవించితిమి. మొదటిది, పరీక్షించుటలో వచ్చిన వరుస తప్పరాదు. కుళాయికడ బిందెలను పెట్టిన వరుసను మనము మన్నింపమా? రెండవది, అనుమతించిన దినముననే వ్రాతను పలకకు పైన నుంచి, తక్కినవాటికి దొరకు కాలమే దానికిని దొరకునట్లు చేయవలెను. మూడవది, రెండు తేదీలును కాగితముమీద వ్రాయవలెను. నాలుగవది, పరీక్షకు గడువుండవలెను. 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రభుత్వపు కార్యాలయములకే సాధారణముగా 30 దినముల గడువు పెట్టియుండగా, రెండు పుటలు చదువుటకు మనకు వారము చాలదా? గడువు తేదీగల సంగతులను ఆనాడే చూడవలెను. నిరాకరించినచో కారణము చెప్పవలెను.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. "ఇట్లయిన, ఒక యక్షరము దిద్ది మరల తెచ్చి, మాటిమాటికి పైకెక్కువారుందురు" అని ఒకరనిరి. ఉందురు. అందులకే చిన్న దిద్దుబాటునకు పాత చోటే యుండవలెను. ఒక వ్రాతకు పైచోటు ఒక్కసారియే. "చిరకాలమువారికి మర్యాద తగ్గునా" యని మఱియొకరనిరి. తగ్గదు. వారి కాగితములు వేచియుండ నక్కఱలేకపోవుటయే వారి మర్యాద. క్రొత్తవారు వేచియుండుట న్యాయమే, వేచియున్నందులకు శిక్ష మాత్రము కూడదు.

పెద్దలు రెండు తేదీలు వ్రాయుటకు వెంటనే సమ్మతించిరి. వారము గడువునకును ఒప్పుకొనిరి. పైచోటు విషయము ఇంకను చర్చలోనున్నది. దస్త్రములోనికి పోయిన ఆ వ్యాసమును మా యింటివారు తమ బడిలో తల్లిదండ్రులకు చదివి వినిపించిరి. ఆ యిల్లాలు రెండవ వ్యాసము వ్రాయుచున్నది. మొదటి దెబ్బతోనే కలము క్రింద పెట్టు స్త్రీలెందఱో యుండగా, ఈమె ధైర్యము మాకు సంతోషకరము.

సోదరీమణులారా! మీలో అనేకులు మహిళామండలులను, భజనసమాజములను, బడి పత్రికలను నడుపుచున్నవారే. ఇతరుల కాగితములు మీ బల్లసొరుగులో నుండవచ్చును. నేడొకసారి సొరుగు తెఱచి, అడుగుననున్నదానిని ముందుగా తీసి చదువుడు. బాగుగనున్నచో పైన నుంచుడు. బాగుగ లేకున్న ఆ మాటయే వ్రాసినామెకు చెప్పుడు. ఆమె యెదురుచూచుచున్నది.