సింహమును బ్రదికించినవారు

నాకు భయానక కథలయందు చిన్ననాటినుండి మక్కువ యెక్కువ. మా నాయనమ్మ చెప్పిన కొరివిదయ్యముల కథలు విని రాత్రి దుప్పటి ముసుగు తన్ని, తెల్లవారగానే మరల చెప్పుమని వేధించినవాడను. పెద్దవాడనై సంస్కృతమును, ఆంగ్లమును చదివిన పిమ్మట ఆ మక్కువ మేరీ షెల్లీ వైపునకును, వెల్సు వైపునకును మళ్లినది. దయ్యములు పోయి ప్రయోగశాలలు వచ్చినవి. వెన్నులోని చలి మాత్రము పోలేదు.

ఇట్టి విజ్ఞాన కల్పనా కథలు పిల్లలకు చెప్పదగునా యని పలువురు నన్నడుగుదురు. దీనికి జవాబు నేను పుస్తకములలో నేర్చుకొనలేదు. నా తప్పువలన నేర్చుకొంటిని. దానిని దాచక చెప్పెదను.

2007లో నేను నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతమున నొక పల్లె బడిలో పని చేయుచుంటిని. శనివారము సాయంకాలము పిల్లలకు కథ చెప్పుట నా యలవాటు. ఒకనాడు ఫ్రాంకెన్‌స్టైన్ కథ నెత్తుకొంటిని. 1818లో అచ్చయిన యా నవలను మొదలిడునాటికి మేరీ షెల్లీ వయస్సు పదునెనిమిదేండ్లే. చచ్చిన కప్ప కాలు విద్యుత్తు సోకగానే తటాలున కదలుటను ఇటలీలో గాల్వానీ చూపినది మొదలు, ప్రాణమును విద్యుత్తును ఒకటేమో యని ఐరోపా పండితులు తర్కించుచుండిన కాలమది. నవలలోని విద్యార్థి శవముల యవయవములు కూర్చి ప్రాణము పోసి, తాను చేసిన రూపమును చూచి తానే దడిసి పారిపోవును. నేను ఆ పారిపోవుట సంగతిని గబగబ దాటవేసి, వికృతరూపము నడకను, చూపును అభినయించి చూపితిని. పిల్లలు కెవ్వున కేకలు వేసిరి. నేను నా నేర్పునకు మురిసిపోతిని.

సోమవారము బడికి పోవుచుండగా దారిలో నలుగురు పిల్లలు ఒక ముసలమ్మపై మట్టిగడ్డలు రువ్వుచుండిరి. ఆమె వెన్ను వంగి, మోకాళ్లు బిగిసికొనిపోయి, మెడ త్రిప్పలేక, కట్టె యూతగా నడుచునది. “గదే సారు చెప్పిన శవాల మనిషి!” యని యొకడు. “బాణామతి చేస్తదట, మా అమ్మ చెప్పింది” అని మరియొకడు. నేను వారిని తరిమి, “అవ్వా, దెబ్బ తగిలిందా?” యని యడిగితిని. ఆమె తల యెత్తలేదు, ఎత్తజాలదు. “నేనేం జేసిన సారూ? గీ బాయి నీళ్లే తాగిన” అనెను.

ఆ మాట నన్నిప్పటికిని విడువలేదు. మా సీమ క్రింద నున్నది గ్రానైటు శిల. అందలి ఖనిజములనుండి ఫ్లోరైడు భూగర్భజలములో కరగును. లీటరు నీటిలో నది 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి మొదట పండ్లపై చారలు పడును. పిమ్మట ఎముకలు పెళుసై, కీళ్లు బిగిసి, వెన్ను వంగును. మద్రాసు రాజధానిలో నీ వ్యాధి యున్నదని 1937లోనే వైద్యులు ప్రకటించిరి. పటికను సున్నమును కలిపి ఫ్లోరైడును తేర్చు పద్ధతిని నాగపూరు పరిశోధనశాలవారు కనిపెట్టి, దానికి నల్లగొండ పద్ధతి యని పేరిడిరి. మా జిల్లా పేరు దేశాంతరములకు పోయినది యీ విషము పుణ్యమున.

మరుసటి శనివారము అదే కథను మరల చెప్పితిని. ఈసారి ఆ రూపము పక్షమున చెప్పితిని: అది చాటున నిలిచి మాటలు నేర్చుకొనుట, స్నేహమునకై తహతహలాడుట, చూచినవారెల్ల తరుముట, కన్నులు లేని ముసలివా డొక్కడు మాత్రము దానితో దయగా మాటలాడుట. పంచతంత్రములో, ఎముకలు చూచి విద్యాగర్వముతో సింహమును బ్రదికించి దానికే యాహారమైన ముగ్గురు పండితుల కథయు చేర్చితిని. తరువాత పిల్లలను ఒకరి పండ్లొకరు చూచుకొనుడంటిని. పచ్చని చారలు, గోధుమరంగు మచ్చలు. “అవ్వ తాగిన నీళ్లే మీరును తాగుచున్నారు” అంటిని. మట్టిగడ్డ రువ్విన పిల్లవాడు చేతితో నోరు మూసికొనెను. వానిని చూచి నా కంటె వాడే మేలనిపించెను. వాడు ఒక్క గడ్డయే రువ్వినాడు; దానిని వాని చేతికిచ్చినవాడను నేను.

1980 దశకమున యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’పై పెద్ద వివాదము లేచినది. చేతబడిని, వైద్యశాస్త్రమును ఎదురెదురుగా నిలిపిన యా నవలను జనులు విరివిగా చదువగా, రంగనాయకమ్మగారు దానిని ఖండించుచు పుస్తకమే వ్రాసిరి. భయానక కథలను నిషేధింపవలెనని నే ననను. నేను పరీక్షించున దొక్కటియే: కథ ముగిసిన పిమ్మట భయము ఎవరిపై వాలుచున్నది? కారణమును వెదకు భయము మనలను బావియొద్దకు కొనిపోవును. దోషిని వెదకు భయము ఒంటరి ముసలిదాని గుడిసెకు కొనిపోవును. బాణామతి నెపమున మన తెలంగాణమున ఎందరు కొట్టబడిరో, చంపబడిరో చదువరులెరుగుదురు.

2016లో మిషన్ భగీరథ యారంభమైన పిమ్మట మా పల్లెలకు నదీజలము గొట్టములలో వచ్చినది. నేటి పిల్లల పండ్లు తెల్లగా నుండునని యాశపడుచున్నాను. కాని వంగిన వెన్నులు నిలువవు. నేనిప్పటికిని శనివారము కథ చెప్పుచున్నాను. ఫ్రాంకెన్‌స్టైన్ కథ వచ్చినపుడు మాత్రము, ఆ విద్యార్థి పారిపోయిన చోట చాలసేపు ఆగుదును.