మేమా, వాళ్ళా

2017 డిసెంబర్ 1. జంషెడ్‌పూర్ సాక్చిలో నా మందుల కొట్టు పెందలాడే కట్టేసి, నాన్నని స్కూటర్ మీద ఎక్కించుకుని జేఆర్‌డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌కి వెళ్ళాను. ఆ జూన్‌లోనే టాటా స్టీల్ పెట్టిన జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ సొంత ఊళ్ళో ఆడుతున్న మొదటి ఐఎస్ఎల్ ఫుట్‌బాల్ మ్యాచ్. అవతల కోల్‌కతా జట్టు ఏటీకే.

స్టేడియానికి ‘ది ఫర్నేస్’ అని పేరు పెట్టారంటే నాన్న నవ్వాడు. “ఫర్నేస్ అంటే తెలుసేట్రా ఈళ్ళకి?” బ్లాస్ట్ ఫర్నేస్‌లో మూడు షిఫ్టులూ చేసి రిటైరైన మనిషి. తాత శ్రీకాకుళం నుంచి వచ్చి కంపెనీలో చేరాడు, నాన్నా అక్కడే. నా దగ్గరికొచ్చేసరికి ఆ వరస తెగింది. నాన్న నోట ఎప్పుడూ ‘మా కంపెనీ’. నా నోట ‘కంపెనీ వాళ్ళు’. క్వార్టరు, కరెంటు, నీళ్ళు, ఆసుపత్రి అన్నీ వాళ్ళవే. ఇప్పుడు ఫుట్‌బాలూ వాళ్ళదే అనుకున్నాను.

గోల్‌పోస్టు దగ్గర జంషెడ్‌పూర్ గోల్‌కీపర్ సుబ్రత పాల్ కనిపించాడు. 1987లో మొదలైన టాటా ఫుట్‌బాల్ అకాడమీలో ఆట నేర్చుకున్నవాడు. చిన్నప్పుడు ఆ అకాడమీ కుర్రాళ్ళు పొద్దున్నే గుంపుగా పరిగెడుతుంటే మేం సైకిళ్ళాపి చూసేవాళ్ళం. మన ఊరి మెతుకు తిన్నవాడేనన్న మాట మొదటిసారి తోచింది. మ్యాచ్‌లో ఒక్క గోలూ పడలేదు. అయినా తిరుగుదారిలో నాన్న ఆగకుండా మాట్లాడాడు.

2022 మార్చి 7న, కంపెనీ మూలపురుషుడు జంషెడ్జీ టాటా జయంతి వెళ్ళిన నాలుగో నాడు, లీగ్ షీల్డ్ మాకొచ్చింది. రిత్విక్ దాస్ గోల్‌తో ఏటీకే మోహన్ బగాన్ మీద 1-0. ఇరవై మ్యాచ్‌లు, 43 పాయింట్లు. కోచ్ ఓవెన్ కోయిల్. కానీ కరోనా వల్ల ఆటంతా గోవాలో, జనం లేని స్టేడియంలో. కద్మాలో మా ముందుగదిలో ఇద్దరమే చప్పట్లు కొట్టాం. ఇన్నేళ్ళ కష్టం చేతికొచ్చిన రోజున ఊరు అక్కడ లేదు.

2025 ఏప్రిల్ 3న ఆ లోటు తీరింది. సెమీఫైనల్ మొదటి మ్యాచ్, మా ఊళ్ళోనే, మళ్ళీ మోహన్ బగాన్. 1-1 దగ్గర ఆట ముగిసిందనుకున్నాక ఇంజురీ టైమ్‌లో మా హావీ హెర్నాండెజ్ గోల్ కొట్టాడు. పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనిషి నన్ను ఎత్తేశాడు. మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో ఉండిపోయిన నాన్నకి ఫోన్ చేస్తే, “అరుపు ఇనపడిందిలే” అన్నాడు.

ఏప్రిల్ 7న రెండో మ్యాచ్ కోల్‌కతాలో. ముందురోజే శ్రీరామనవమి, బిష్టుపూర్ రామమందిరం పానకం తీపి ఇంకా నోట్లోనే ఉంది. చివరి నిమిషాల్లో మోహన్ బగాన్ ఆటగాడు అపుయా కొట్టిన గోల్‌తో 0-2. మొత్తం లెక్కలో 2-3. టీవీ కట్టేశాను.

మంచం మీంచి నాన్న అడిగాడు: “ఏటయిందిరా?”

“ఓడిపోయాం.”

అన్నాక గానీ గమనించలేదు, ‘వాళ్ళు’ అనలేదని.

“సర్లే, తొంగో. పొద్దున్నే ‘ఏ’ షిఫ్టుకి లెగాల గదా.”

నాకు షిఫ్టు లేదని ఆయనకి గుర్తు చెయ్యలేదు. దీపం ఆర్పేశాను.