నదికి గడియారం కట్టిన ఊరు

యాత్ర అనగానే మన మనస్సు కొండల వైపు, కోవెలల వైపు, సముద్రతీరాల వైపు పోవడం సహజం. ఈ మూడింటిలో దేనికీ పేరుపొందని ఊరొకటి అమెరికా దేశపు అలాస్కా రాష్ట్రంలో ఉన్నది. దాని పేరు నెనానా. జనాభా కొన్ని వందలు మాత్రమే. అయినా ప్రభుత్వరంగ సంస్థలలో పనిచేసే మనవంటివారు తెలుసుకోదగిన ఆచారమొకటి అక్కడ నూరేళ్లకు పైగా సాగుతున్నది.

సీవర్డ్ ఓడరేవు నుండి ఫెయిర్‌బ్యాంక్స్ నగరం వరకు సుమారు 750 కిలోమీటర్ల రైలుమార్గమున్నది. దీనిని నిర్మించినది అమెరికా కేంద్ర ప్రభుత్వమే. 1985లో రాష్ట్రానికి అప్పగించే వరకు నడిపినదీ ఆ ప్రభుత్వమే. ఈ మార్గంలో నెనానా నది టనానా నదితో సంగమించే చోట ఊరు వెలసింది. నదిపై 213 మీటర్ల పొడవైన ఉక్కు వంతెన ఒకే అంగలో ఆవలి ఒడ్డును అందుకుంటుంది. 1923 జూలై 15న అధ్యక్షుడు హార్డింగ్ ఇక్కడే బంగారు మేకును కొట్టి రైలుమార్గం పూర్తయినట్లు ప్రకటించాడు. 1925 జనవరిలో నోమ్ పట్టణంలో గొంతువాపు వ్యాధి ప్రబలినప్పుడు మందును రైలులో నెనానా వరకు తెచ్చి, అక్కడి నుండి కుక్కలు లాగే బండ్లపై చేతులు మార్చుకుంటూ వెయ్యి కిలోమీటర్లకు పైగా మంచులో చేరవేశారు.

శీతాకాలంలో టనానా నది గడ్డకట్టి రాతినేల వలె మారుతుంది. వసంతంలో ఒకనాడు ఆ మంచు పగిలి కదలనారంభిస్తుంది. మంచు పోతేనే పడవలు వస్తాయి. ఆ రోజులలో పడవలు వస్తేనే సరుకులు వచ్చేవి. కనుక "మంచు ఎప్పుడు కదులుతుంది?" అన్నది ఆ ఊరికి, మన రైతుకు మృగశిర కార్తెలో తొలకరి వంటి ప్రశ్న. 1917లో రైలుమార్గం పనిపై వచ్చిన ఇంజనీర్లు దీనిపైనే పందెం కట్టి 800 డాలర్లు పోగుచేశారు. ఆ ఏడు ఏప్రిల్ 30న ఉదయం 11 గంటల 30 నిమిషాలకు మంచు కదిలింది. నాటి సరదా నేడు రాష్ట్రమంతటి వేడుక అయింది.

ఏటా నది మంచుపై కొయ్యదూలాలతో ఒక గుర్తును నిలుపుతారు. దానిని ముక్కాలి అని పిలుస్తారు గాని దానికి కాళ్లు నాలుగు! దాని నుండి ఒడ్డునున్న గడియారానికి తీగ కడతారు. మంచు పగిలి గుర్తు కొట్టుకుపోగానే గడియారం ఆగుతుంది. తేదీ, గంట, నిమిషం సరిగా ఊహించినవారికి బహుమతి.

ఇందులో మనకు పనికివచ్చే విషయమేమిటి? గెలిచినవాడు కాదు, చీటీలు వ్రాసినవారందరూ. పడవవానికి ప్రవాహం తెలుసు, జాలరికి మంచు మందం తెలుసు, రైలు కార్మికునికి ఎగువన కురిసిన మంచు తెలుసు. ఎవరికీ పూర్తి సత్యం తెలియదు; ప్రతివారి వద్దా ఒక ముక్క ఉన్నది.

ఆ ముక్కలను కలిపితే ఏమవుతుందో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రజ్ఞుడు 1907లో చూపాడు. అంతకు ముందటి ఏడు ఇంగ్లండులోని ప్లిమత్ పశువుల ప్రదర్శనలో, ఒక ఎద్దును కోసిన తరువాత మాంసం ఎంత తూగుతుందో ఊహించే పోటీ జరిగింది. గాల్టన్ 787 చీటీలను పరిశీలించాడు. వాటి మధ్యమ అంచనా 1,207 పౌన్లు. అసలు తూకం 1,198 పౌన్లు. తేడా నూటికి ఒక పాలు కూడ లేదు.

వ్యాపారరంగంలో 1990 దశకంలో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ ఇదే సూత్రాన్ని పరీక్షించింది. కొద్దిమంది ఉద్యోగులకు స్వల్ప మొత్తాలిచ్చి, రాబోయే అమ్మకాలపై తమలో తాము వాటాలు కొని అమ్ముకొనే ఏర్పాటు చేశారు. ఏ అంకెకు ఎక్కువ ధర పలికితే అది జరిగే అవకాశం అంత ఎక్కువని లెక్క. అధికారిక అంచనాతో పోల్చగలిగిన 8 సందర్భాలలో 6 సార్లు ఉద్యోగుల అంచనాయే వాస్తవానికి దగ్గరగా నిలిచింది.

ఇక మన కర్మాగారాల సంగతి చూద్దాం. బాయిలరు మరమ్మతు 15వ తేదీకి ముగియాలని సమావేశంలో నిర్ణయిస్తారు. విడిభాగం ఇంకా రాలేదని స్టోర్స్ గుమస్తాకు తెలుసు. బిల్లు ఆగినదని అకౌంట్స్ విభాగానికి తెలుసు. కూలీలు పండుగకు ఊళ్లకు పోతారని మేస్త్రీకి తెలుసు. కాని పెద్దల ఎదుట అందరూ తల ఊపుతారు. 14వ తేదీ రాత్రి హడావుడి మొదలవుతుంది. ఆ హడావుడిలో వెల్డింగు పరీక్ష ఒకటి తప్పిపోతే, నష్టం లెక్కల పుస్తకంలో మాత్రమే మిగలదు. ఒక ఇంటి దీపం ఆరిపోవచ్చు.

దీనికి ఖర్చులేని ఉపాయమొకటున్నది. సమావేశానికి ముందే ప్రతివారూ పేరు వ్రాయకుండా, ఒకరినొకరు సంప్రదించకుండా, పని ముగియగలదని తాము నమ్మే తేదీని చీటీపై వ్రాయాలి. చీటీలను వరుసగా పేర్చి నడిమి దానిని చదవాలి. అధికారిక తేదీ 15, చీటీల నడిమి తేదీ 28 అయితే, ఆ 13 రోజులే ముందస్తు హెచ్చరిక. "ఎవరు వ్రాశారు?" అని కాక "ఎందుకు వ్రాశారు?" అని విచారించడం యాజమాన్యపు విజ్ఞత. ఆ ఒక్క ప్రశ్న మారకపోతే మరుసటిసారి చీటీలన్నిటిపైనా 15 అనే ఉంటుంది.

అయితే పదిమంది మాటకూ పరిమితి కలదు. నెనానా నదియే ఆ పాఠం కూడ చెప్పింది. 2019 వరకు మంచు అతి త్వరగా కదిలిన తేదీ ఏప్రిల్ 20. 1940లోను, 1998లోను అలా జరిగింది. 2019లో ఏప్రిల్ 14నే కదిలింది. వాతావరణం వేడెక్కుతున్నదనడానికి ఈ ఊరి గడియారం శాస్త్రజ్ఞులకు సాక్ష్యమైంది. అందరూ ఒకే పాత పంచాంగాన్ని చూసి లెక్కకడితే అందరూ కలిసే పొరబడతారు. కనుక అంచనా వేసేవారిలో పాతవారితో పాటు కొత్తవారు, కార్యాలయం వారితో పాటు క్షేత్రంలోనివారు ఉండాలి. ప్రతి అంచనాను, తరువాత జరిగినదానిని పక్కపక్కన వ్రాసి భద్రపరచాలి.

నెనానాలో మంచు కదలడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. దాని రాకను ఊహించడానికి ఎవరి హోదా అడ్డు రాదు. మన సంస్థలలో గడియారాలకు కొరత లేదు. వాటికి కట్టవలసిన తీగ మాత్రం, పని జరిగే చోట నిలిచిన మనిషి వద్ద మొదలుకావాలి.