పెన్ను ఎవరి చేతిలో ఉంది

పొద్దున ఏడింటికే గట్టు మీదికి చేరాను. కృష్ణా డెల్టాలో ఓ చిన్న ఊరు. పిలకలు తొడిగిన వరి, గట్టున చెప్పులు విప్పి నిలబడ్డ పాతికమంది రైతులు. వారానికోసారి జరిగే పొలంబడి అది. ఇంతమందిని ఒకమ్మాయి ఎలా మాట్లాడిస్తుందో చూద్దామని వచ్చాను.

వ్యవసాయ సహాయకురాలు వస్తూనే ఐదుగురేసి చొప్పున ఐదు జట్లు చేసింది. భూమి గల ఆసామి ఒక జట్టులో, ఆయన పొలాన్ని కౌలుకు చేస్తున్న రైతు ఇంకో జట్టులో పడ్డారు. అడిగితే, "ఒకే చోట వేస్తే కౌలు రైతు నోరు విప్పడండీ" అంది మెల్లగా.

ఐదుగురే ఎందుకంటే, తిరునాళ్లలో రథం మోకు పట్టినవాళ్లంతా లాగరు కదా. మాక్స్ రింగెల్‌మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు తాడు లాగించి మరీ దీన్ని కొలిచాడు. మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుందని 1913లో ప్రచురించాడు.

జట్లు మడిలోకి దిగి కుదుళ్లు విడదీసి సుడిదోమల్ని, సాలీళ్లను, మిరిడ్ నల్లుల్ని లెక్కపెట్టాయి. తర్వాత చెట్టు కింద చార్టులు పరిచారు. మధ్యలో వరి దుబ్బు, ఒక పక్క శత్రుపురుగులు, రెండో పక్క మిత్రపురుగులు గీయాలి. మూడో జట్టులో డిగ్రీ చదివిన కుర్రాడు పెన్ను అందుకున్నాడు.

"తమ్ముడూ, సాలీణ్ణి ముందు చూసింది పిన్ని కదా, ఆమెనే వెయ్యనీ" అంది సహాయకురాలు.

"నాకు రాదమ్మా" అంటూనే ఆ పెద్దామె పెన్ను పట్టుకుంది. చెయ్యి వణికింది గానీ ఎనిమిది కాళ్లూ గీసింది. ఆ తర్వాత ఆమె మాట్లాడటం ఆపలేదు.

ఇంతలో ఆసామి గొంతు పెంచాడు. "దోమ కనపడుతుంటే ఇంకా బొమ్మలేంటి? మందు కొట్టాల్సిందే. పంట పోతే మీరిస్తారా?"

అందరూ సహాయకురాలి వైపు తిరిగారు. ఆమె దగ్గర జవాబు లేక కాదు. మందులు మిత్రపురుగుల్ని చంపి సుడిదోమను పెంచుతున్నాయనే 1986లో ఇండోనేషియా 57 రకాల పురుగుమందుల్ని వరి మీద వాడకుండా నిషేధించింది. 1989లో ఈ తరహా బడులు మొదలైందీ అక్కడే. నేనైతే ఈ సంగతంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసేవాణ్ణి. ఆమె ఊరుకుంది.

బ్రూస్ టక్‌మన్ అనే మనస్తత్వవేత్త 1965లో చిన్న బృందాల మీద వచ్చిన 50 వ్యాసాలు పరిశీలించి, కూడటం, పోట్లాడుకోవడం, కుదురుకోవడం, పని సాగించడం అని నాలుగు దశలు చెప్పాడు. ఇక్కడిలా రెండో దశ రాగానే గదమాయించి తొక్కేసే శిక్షకులనే నేను ఎక్కువగా చూశాను. అలా చేస్తే ఆ గొడవ టీకొట్టు దగ్గరికి పోతుంది, బడిలో అందరూ తలూపుతారు.

కాసేపాగి ఆమె అడిగింది. "పెద్దయ్యా, మీ జట్టు లెక్క చెప్పండి. పక్క జట్టుదీ విందాం."

కౌలు రైతు లేచాడు. "మా వైపు సాలీళ్లు బాగానే ఉన్నాయండి. నీళ్లు తీసి ఆరగడదాం. వచ్చే వారం మళ్లీ లెక్కేద్దాం."

ఆసామి వెంటనే ఏమీ అనలేదు. లేచి ఆ చార్టు దగ్గరికెళ్లి వంగి చూశాడు.

"ఏ మడిలో చూశావురా ఇన్ని?"

కౌలు రైతు కండువా దులుపుకుని, చూపిద్దామని ముందు నడిచాడు.